గోల్ఫ్ దిబ్బ

యానాం,
ఆదివారం

బంగారు చెల్లి జోసెఫిన్‌కి,

మీ మఠంలో శిక్షణ అయ్యేదాకా ఫోను ముట్టుకోనివ్వరు కాబట్టి నాకు ఉత్తరాలు రాసే అలవాటు పట్టుకుంది. ఒకందుకు మంచిదే. ఇవన్నీ ఫోన్లో చెప్పమంటే నాకు నోరు పెగలదు.

గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర మన ఇసుక దిబ్బ మీద గోల్ఫ్ ఆట మొదలై ఏడాది కావస్తోంది. లింక్స్ అంటారట అలాంటి మైదానాన్ని. చెట్టూ చేమా ఉండవు. సముద్రపొడ్డున ఇసుక మిట్టలు, పొట్టి గడ్డి, గాలి, అంతే. మీ బావ లూయిస్ అక్కడే గడ్డి కోసే పనిలో కుదిరాడు. దిబ్బ చివర మా అత్తా, మిగతా ఆడవాళ్ళూ ఇంకా నెత్తళ్ళ చేపలు ఎండేస్తూనే ఉన్నారు. అక్కడ ఏ ఇంటి జాగా ఆ ఇంటిదే కదా, అత్త నుంచి కోడలికి వస్తుంది. గట్టు లేదు, రాయి లేదు, కాగితం అసలే లేదు. పెళ్ళయిన మర్నాడు మా అత్త చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి నన్ను నిలబెట్టిన చోటే నాది. ఈ ఊళ్ళో నాదంటూ ఉన్నది అదొక్కటే.

ఆడేవాళ్ళలో ఇప్పుడు రెండు జట్లయ్యాయి. కాకినాడ డాక్టరుగారి జట్టుకి ఈ మైదానం ససేమిరా నచ్చదు. బంతి కొడితే గాలికి ఎటో పోతోందట, నిలబడడానికి నీడ లేదట. మిట్టలన్నీ చదును చేసి చెట్లు నాటమంటారు. మేనేజరు వెంకటేశ్వరరావుగారి జట్టేమో, ఆ గాలీ ఆ మిట్టలే ఈ ఆటకి ప్రాణం, చెయ్యి పెడితే చెడిపోతుందంటుంది. తిన్నది అరక్క పడే తగువు అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. కానీ చదును చేస్తే ముందు పోయేది మేము ఎండేసే చోటే. అందుకని మేమంతా మేనేజరుగారి పక్షం చేరిపోయాం. బంతి ఎటు కొడతారో కూడా తెలియని మా అత్త, “ఆటన్నాక గాలుండాలే!” అని ఊరంతా చెబుతోంది.

తగువు తీర్చడానికి బెంగళూరు నుంచి ఇలాంటి మైదానాల సంగతి బాగా తెలిసిన ఒక పెద్దమనిషి వస్తున్నాడు. ఆయన మాటే ఆఖరు. ఊళ్ళోవాళ్ళు కూడా వాడుకునే నేలంటే ఆయనకి ఇష్టమట. ఆ ఆట పుట్టిన ఊళ్ళో ఆడవాళ్ళు మైదానం మీదే బట్టలు ఆరేసుకునేవారట. మేనేజరుగారు చెప్పారు.

లూయిస్‌కి మాత్రం ఎలాగైనా ఒకటే. “వలకెళ్ళి ఏం తెత్తన్నామే? ఆ దిబ్బే మనకి కూడెడతంది. నోర్మూసుకో” అంటాడు. నీకొక్కదానికే చెబుతున్నాను. ఆ చోటు పోయాక కూడా ఈయన వాళ్ళ దగ్గరే పని చేస్తే నేను ఈయనతో ఉండను. ఫరంపేటలో అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.

నీ ప్రార్థనలో మా దిబ్బని కూడా ఒక మూల పెట్టు.

నీ అక్క,
స్టెల్లా

యానాం,
బుధవారం

జోసీ తల్లీ,

ఆ పెద్దమనిషి వచ్చి వెళ్ళాడు. జరిగింది చెబితే నవ్వుతావో ఏడుస్తావో తెలియదు.

ముందురోజే మా అత్త ఆడవాళ్ళందరినీ పోగేసింది. “అంత దూరం నుంచి వత్తన్నాడు, కంపుతో ఎదురెల్తామా?” అంది. ఆరీ ఆరని నెత్తళ్ళన్నీ గంపలకెత్తించింది. పరిచిన వలలు చుట్టించి, ఇసుకంతా చీపుళ్ళతో ఊడిపించింది. ఇంటికి చుట్టం వస్తుంటే ఏం చేస్తామో అదే చేశాం. నేనూ ఊడ్చాను.

ఆయన మంచివాడే, జోసీ. టోపీ తీసి దండం పెట్టాడు. తెలుగులోనే అడిగాడు: “అమ్మా, ఈ ఆట వల్ల మీకేమైనా ఇబ్బందా?” మా అత్త కొత్త చీర కొంగు సర్దుకుని, “ఆయ్, మాకేం ఇబ్బంది లేదండి బాబూ. తమరు సుబ్బరంగా ఆడుకోండి” అంది. మిగతావాళ్ళూ తలలూపారు. ఇంటికొచ్చినవాడి మొహం మీద ఇబ్బంది ఉందని మనలో ఎవరంటారు? ఆయన చుట్టూ చూశాడు. ఊడ్చిన ఇసుక తప్ప ఏమీ లేదు.

చేసిన పొరపాటు నాకు అప్పుడు తట్టింది. కానీ నలుగురిలో అత్త మాటకి అడ్డం వెళ్ళలేకపోయాను. ఆయన గోల్ఫ్ కర్రల సంచి మోస్తూ పక్కనే లూయిస్ ఉన్నాడు. కొడుకు కాబట్టి చెప్పొచ్చు. “అది కాదండీ” అంటే చాలు. ఈయన ఆ సంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని ముందుకి నడిచాడు. నాకు ఏడుపొచ్చింది.

స్టెల్లా

యానాం,
శనివారం

జోసీ,

నీకు రాసి నెల దాటింది. మా పక్షమే గెలిచింది. మైదానం అద్భుతమన్నాడట ఆ పెద్దమనిషి, ఒక్క మిట్ట కూడా కదపొద్దన్నాడట. డాక్టరుగారి జట్టు నోరెత్తడం లేదు. అంత గొప్పదని తేలాక ఊరికే వదిలేస్తారా మరి? మేము ఎండేసే చోటు కూడా కలుపుకుని చుట్టూ కంచె వేయించారు. దిబ్బ చివరి ఇసుకని ఎవరూ వాడడం లేదని, ఇబ్బంది లేదని ఆడవాళ్ళే చెప్పారని కూడా ఆయన అన్నాడట. మేనేజరుగారి దగ్గరికి పరిగెత్తాం. “అయ్యో, ఆ రోజే చెప్పాల్సిందమ్మా” అన్నారు. నిజంగానే బాధపడ్డారు, అంతకంటే ఏమీ చెయ్యలేదు.

కంచె రాటలు పాతింది లూయిసే. మా అత్త వెళ్ళి తన జాగాలో నిలబడింది. అరుస్తుంది, దుమ్మెత్తి పోస్తుంది అనుకున్నాను. “అమ్మా, పక్కకి జరుగు” అన్నాడు లూయిస్. జరిగింది.

ఇప్పుడు కనకాలపేట రోడ్డు పక్కన ఎండేస్తున్నాం. ఆటోలు పోతుంటే దుమ్మంతా చేపల మీదే. పంటి కింద గరగరలాడుతున్నాయని కొనేవాళ్ళు గంప కూడా దించనివ్వడం లేదు.

నిన్న ఉండబట్టలేక అడిగేశాను, “ఆ రోజు ఇబ్బందని ఒక్క ముక్క అంటే ఏం పోయేది అత్తా?” అని.

“మళ్ళీ వచ్చినా అదే అంటానే. గుమ్మంలోకొచ్చినోడి కాడ ఏడుత్తామా?” అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చాటెడు మాటలు అనబోయాను. ఆవిడ నా వైపు తిరగకుండానే, నెత్తళ్ళు తిరగేస్తూ, మెల్లిగా అంది: “నువ్వు మీ అమ్మ కాడికి పోదారనుకుంటన్నావని నాకు తెల్సు. పో. నీకు పోడానికో చోటుంది. నేను ఆడి తల్లిని, నేనెక్కడికి పోతాను?”

ఆ మాట విన్నాక ఎలా వెళ్ళను, జోసీ? లూయిస్‌ని క్షమించలేదు. ఎప్పటికైనా క్షమిస్తానని కూడా అనుకోవడం లేదు. కానీ పొద్దున్నే ఆవిడ ఒక్కత్తీ గంప నెత్తికెత్తుకుని రోడ్డెక్కుతుంటే, నేను అమ్మింట్లో కూర్చోలేను. ఉండిపోతున్నాను.

నీ అక్క,
స్టెల్లా