లెయాంతిస్ గుమ్మం

అమ్మకు,

నిన్న పొద్దు పొడిచిన రెండో గంటకు కెసెల్లియా ఇంటి తాళాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మామగారి మనిషి ఏడుగురు సాక్షుల ముందు "నీ సామాను నువ్వు ఉంచుకో" అని విడాకుల మాట అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆరేళ్ల కాపురం అయిపోయింది.

నువ్వు క్షేమమైతే సంతోషం, నేనూ క్షేమమే అని మొదలుపెట్టాలి. మొదటి సగమే రాయగలను.

పోయిన ఉత్తరంలో రెండు అడిగావు. నీ కోడలి దగ్గు తగ్గింది; నువ్వు పంపిన తేనె పనిచేసింది. రెండోది, "ఇక్కడ పతావియంలోనూ నీ పద్యాలు పాడుతున్నారు, ఆ లెయాంతిస్ ఎవతిరా?" అని.

మార్చిలో విందు దగ్గర కెసెల్లియా కూడా అదే అడిగింది. నేను ఎవత్తో గుమ్మం ముందు పడి ఏడుస్తున్నానని మామగారు ఆమెతో చెప్పారట.

"ఎవరండీ ఆమె?"

నా స్నేహితుడు స్కేవా అరిచాడు: "చెప్పకురా! పేరు తెలిస్తే నీ పద్యాలు ఇంకెవడు వింటాడు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక, "నాకొక్కదానికే చెప్పండి, కోప్పడను" అంది. నేను దీపం ఆర్పేసి పడుకున్నాను.

అమ్మా, లెయాంతిస్ అనే మనిషి లేదు. నాలుగేళ్ల కిందట కెసెల్లియాను నీ దగ్గరికి తీసుకొస్తానని చెప్పి మాట తప్పాను. ఆమె అలిగి గది తలుపు గడియ వేసుకుంది. మధ్యాహ్నం దాకా గుమ్మంలో కూర్చుని బతిమాలాను. ఆ ఒక్క పూట మీద పదకొండు పద్యాలు రాశాను. జుట్టు రంగు మార్చాను, గ్రీకు పేరు పెట్టాను. గుమ్మం మాత్రం మా ఇంటిదే.

కిందటేడు స్కేవా ఇంటి సభలో ఒకాయన తన భార్య మీద పద్యం చదివాడు. "పెళ్లయిపోయిందిగా, ఇంకా బతిమాలడం దేనికి?" అన్నాడు స్కేవా. సభ అంతా గొల్లుమంది. ఆయన్ని మళ్లీ ఎవరూ పిలవలేదు. కెసెల్లియాకు చెబితే బయటికి పొక్కి నన్నూ పిలవరేమోనని భయపడ్డాను. అంతకంటే కారణం లేదు.

నిన్న తాళాలు తీసుకుంటూ ఇదంతా ఆమెకు చెప్పాను.

"ఇది కూడా పద్యమేనా?" అంది. తర్వాత, "ఆ తలుపు ఇంకా కిర్రుమంటోంది, నూనె వేయించండి" అని మెట్లు దిగింది.

ఎల్లుండి మూడో గంటకు స్కేవా ఇంట్లో నా పఠనం. గుమ్మం పద్యాలే కావాలన్నారు. అదే గంటకు ఊరి కపేనా ద్వారం బయట నుంచి ఆమె బండి పుట్టింటికి, నోలాకు బయల్దేరుతుంది.

ఇట్లు,
నీ కొడుకు
వీబియుస్