అదే డబ్బా నీలం

12 నవంబర్ 2006, ఆదివారం. డిగ్నాబాద్.

పొద్దున్నే వండూర్ నుంచి దానయ్య అనే జాలరి వచ్చాడు. గోనెసంచిలో చుట్టి ఒక రిసీవర్ తెచ్చాడు. విప్పి చూశాను. యుద్ధకాలం నాటి కమ్యూనికేషన్ రిసీవర్. హామ్ రేడియోవాళ్లు కళ్లకద్దుకుని దాచుకునే సరుకు. దాని ఒంటినిండా పడవలకు వేసే నీలం ఎనామెల్. బ్రష్షుతో, దళసరిగా. డయల్ చుట్టూ ఎర్ర గీత. నాబ్‌లకు కూడా రంగే. ఒరిజినల్ నల్ల రింకిల్ ఫినిష్, ఆ సన్నటి ముడతల అందం, అడుగున ఎక్కడో ఊపిరాడక పడి ఉంది.

ఏ గాడిద పూశాడయ్యా ఈ రంగు అన్నాను. నేనే బాబూ అన్నాడు దానయ్య, నవ్వుతూ. మా ఆవిడ కామేశ్వరి అప్పుడే టీ తెచ్చి ఇచ్చింది కాబట్టి బతికిపోయాను.

సెట్ గోపీచంద్‌ది. మెరైన్ పార్క్ ఆఫీసులో ఉండేవాడు, నాలాగే హామ్ పిచ్చి. సునామీ వచ్చిన రోజు దానయ్య పని మీద వేరే దీవికి, హట్ బే వెళ్లి ఉన్నాడు. ఇక్కడ వండూర్‌లో అతని భార్య గురమ్మకు ఒకడొచ్చి మీ ఆయన పోయాడన్నాడు. ఇంకొకడు ఆసుపత్రిలో ఉన్నాడన్నాడు. మూడోవాడొచ్చి మళ్లీ పోయాడన్నాడు. చివరికి గోపీచంద్ జనరేటర్ పెట్టుకుని ఈ సెట్ ముందు కూర్చుంటే, హట్ బే నుంచి ఎవరో చదువుతున్న బతికినవాళ్ల పేర్లలో దానయ్య పేరు వచ్చింది. గురమ్మ తన చెవులతో విన్నది. తర్వాత గోపీచంద్‌కు బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ సెట్ వాళ్లకే ఇచ్చేశాడు.

ఇప్పుడు సంగతేమిటంటే, దానయ్యకు సునామీ రిలీఫ్‌లో చెక్క పడవ వచ్చింది. ఇంతవరకు నీళ్లలో దించలేదు. గురమ్మ దించనివ్వదు. జాలర్ల సొసైటీ వాళ్లు పడవకో వాకీటాకీ సెట్ ఇచ్చారు కానీ, దాని జత జెట్టీ దగ్గర వాళ్ల ఆఫీసులో ఉంటుంది. కబురేదైనా ఉంటే మనిషి ఇంటికొచ్చి చెబుతాడట. గురమ్మకు ఇంకొకరి నోటి కబురు వద్దు. గోపీచంద్ రేడియోలో మొగుడి గొంతు తనకే వినబడితే అప్పుడు పంపుతానంది. వాకీ బ్యాండ్ ఈ సెట్‌కు అందుతుంది. కానీ సెట్ మూగబోయింది. జనవరి మొదటివారం లోగా పడవ దించకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని సొసైటీ చెప్పేసింది. దానయ్య ప్రస్తుతం ఒక కాంట్రాక్టరు దగ్గర ఇటుకలు మోస్తున్నాడు.

చేసిపెడతానన్నాను. రంగు కూడా గీకేసి అసలు రూపానికి తెస్తానన్నాను. అతను మూత మీది నీలాన్ని ఒకసారి తడిమి, గోనెసంచి మడుచుకున్నాడు.

13 నవంబర్

మూత తీశాను. లోపల కూడా నీలమే.

ఛాసిస్ నీలం. ట్రాన్స్‌ఫార్మర్ నీలం. వాల్వులను వదిలేశాడు, అదే పదివేలు. గ్యాంగ్ కండెన్సర్ రేకులకు విడివిడిగా, ఓపిగ్గా పూశాడు. స్టేషన్ తిప్పాలంటే ఆ పల్చటి రేకులు తగలకుండా ఒకదాని సందులోకి ఒకటి దూరాలి. ఇప్పుడవన్నీ కలిసి ఒకటే ముద్ద. సర్వీసంతా హార్బర్ వైర్‌లెస్‌లో గడిపాను, ఇలాంటి పని చూడలేదు.

దానయ్యకు ఫోన్ చేసి అడిగాను. వరండాలో ఉప్పుగాలికి తుప్పు మొదలైతే భయమేసిందట. పడవకైతే లోపలా బయటా పూస్తాం కదా, దీనికీ అలాగే పూశానన్నాడు. తిడదామనుకున్నాను. తీరా చూస్తే ఛాసిస్ మీద కొత్తగా ఒక్క చుక్క తుప్పు లేదు. ఫోన్ పెట్టేశాను.

16 నవంబర్

ఆ రేకుల సందుల్లోకి థిన్నర్‌తో దూరేది చీపురుపుల్ల ఒక్కటే. చీపురు సగమైంది.

18 నవంబర్

కామేశ్వరి చీపురు దాచేసింది.

24 నవంబర్

పలికింది!

కెపాసిటర్లు మార్చాను, గ్యాంగ్ వెన్నలా తిరుగుతోంది. స్విచ్ వేశాను. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. ముందు గొరగొర, తర్వాత ఈల, ఆ తర్వాత ఎక్కడో ఎవరో మోర్స్ కొడుతున్నారు. నా వేళ్లు బల్ల మీద వాటంతటవే ఆడాయి. రిటైరయ్యాక ఇంత సంతోషం ఎరగను. కళ్లలో నీళ్లు తిరిగాయి. థిన్నర్ వల్ల అని కామేశ్వరికి చెప్పాను.

అయితే రేపే ఇచ్చి రండి, పాపం ఆ మనిషి ఇటుకలు మోస్తున్నాడు అంది. ఈ అవతారంలోనా? పైన నీలం పెచ్చులు, నాబ్‌ల మీద బొబ్బలు. నా చేతిలోంచి ఇలాంటిది బయటికి వెళ్లదన్నాను. ఎవరి కోసం చేస్తున్నారు మీరు ఇది అని అడిగింది. రేడియో కోసం అన్నాను.

30 నవంబర్

రిమూవర్‌తో రంగంతా దిగింది. దాంతో పాటు పాత నలుపూ దిగిపోయింది. ఇప్పుడు ఒట్టి ఇనుము. కొత్తగా రింకిల్ వేయాల్సిందే. ఆ పెయింట్ ఇక్కడ దొరకదు, చెన్నై షిప్‌లో రావాలి. షిప్ ఎప్పుడొస్తుందో షిప్‌కే తెలియదు.

దానయ్య ఫోన్ చేశాడు. పడవ చెక్కల మధ్య జాయింట్లు విడుతున్నాయట. పడవ నీళ్లలో ఉంటేనే పడవ సార్, ఒడ్డున ఉంటే కట్టెలే అన్నాడు. డిసెంబర్ నెలాఖరుకల్లా ఇచ్చేస్తానన్నాను. కామేశ్వరి వింటూ కూరగాయలు గట్టిగా తరిగింది.

9 డిసెంబర్

పెయింట్ వచ్చింది. వానా వచ్చింది.

11 డిసెంబర్

రింకిల్ రహస్యం వేడిలో ఉంది. దట్టంగా వేసి కాస్త కాల్చాలి. పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, అందుకే ముడతలు. పాత ట్రంకుపెట్టెలో బల్బులు బిగించి పొయ్యి తయారు చేశాను. గాలిలో తేమ ఎక్కువ, మధ్యలో కరెంటు పోయింది. తీసి చూస్తే ముడతలు లేవు, పొంగులున్నాయి. గుమ్మడి వడియాల్లా బాగా వచ్చాయి, ఎండబెట్టమంటారా అని అడిగింది మా ఆవిడ.

మళ్లీ గీకుడు మొదలు.

17 డిసెంబర్, సాయంత్రం

వచ్చింది. సన్నగా, ఒకే తీరుగా, ఎక్కడా తేడా లేకుండా. నల్లటి నలుపు. డయల్ చుట్టూ తెల్ల అక్షరాలు చేత్తో నింపాను. ఫ్యాక్టరీవాడు చూస్తే తన పనే అనుకుంటాడు. పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించాను. ఫోటోలు తీసి గోపీచంద్‌కు పోస్టు చేస్తాను.

గర్వంగా ఉంది. ఉండనీ.

20 డిసెంబర్

వండూర్ వెళ్లాం, నేనూ కామేశ్వరీ. బస్సంతా సెట్ నా ఒళ్లోనే. కండక్టర్ టీవీయా అని అడిగాడు. రెండు టికెట్లిమ్మన్నాను.

గురమ్మది కొండ మీద కొత్త ఇల్లు. ఇంతకుముందు ఆమెను చూడలేదు. సన్నటి మనిషి, తక్కువ మాట. బల్ల తుడిచి, చీర కొంగు చేతులకు చుట్టుకుని నిలబడింది. నేను గుడ్డ తీశాను. దానయ్య మొహం నేలకు దించుకున్నాడు. ఆమె చాలాసేపు చూసింది. చుట్టూ తిరిగి వెనక వైపు కూడా చూసింది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాను, నిజం ఎందుకు దాచాలి.

"ఇది నా రేడియో కాదు బాబూ," అంది. "పడవకీ దీనికీ ఒకే డబ్బాలో రంగు నానే ముంచి ఇచ్చినాను. రెండూ ఒక తల్లి పిల్లల్లాగ ఉండాలని. ఇప్పుడు దీన్ని ఇలగ నల్లగ సేసి తెస్తే, ఆ పడవ పిలిస్తే ఇదెలగ పలుకుతాది?"

ఫ్రీక్వెన్సీ గురించి చెప్పాను. యాంటెన్నా గురించి చెప్పాను. ఆన్ చేసి వినిపించాను, గొరగొరలాడింది. ఆమె తల ఊపి వింది, మర్యాదగా. తర్వాత మాకు అన్నం పెట్టింది. చేపల పులుసు. సెట్‌ను మాత్రం ముట్టుకోలేదు. వచ్చేటప్పుడు దానయ్య బస్టాప్ దాకా మోసుకొచ్చాడు. క్యా కరేఁ సార్, ఆమె మనసు అంతే అన్నాడు. పడవ పోతే పోయిందిలెండి, ఇటుకలు ఉన్నాయిగా అన్నాడు. నాకోసమే నవ్వాడు.

తిరుగు బస్సులో సెట్ మళ్లీ నా ఒళ్లోనే. కామేశ్వరి కిటికీలోంచి బయటికే చూసింది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

21 డిసెంబర్

మూఢనమ్మకం. ఒట్టి మూఢనమ్మకం. బొగ్గులాంటి నలుపైనా నీలమైనా తరంగానికి ఒకటే.

21 డిసెంబర్, మధ్యాహ్నం

నేను హార్బర్‌లో ఉన్నన్నాళ్లూ డ్యూటీ ఎక్కగానే మోర్స్ కీని రెండు వేళ్లతో తాకి కళ్లకద్దుకునేవాణ్ని. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ని?

23 డిసెంబర్

ఒక్కణ్నే వండూర్ వెళ్లాను, సెట్‌తో. డబ్బాలో రంగు ఇంకా ఉందా అని అడిగాను. గురమ్మ గబగబా లోపలికి వెళ్లి తెచ్చింది. దాచుకున్నట్టే ఉంది. పైన మీగడ కట్టింది, అడుగున కాస్త రంగు మిగిలింది. మీగడ తీసి, థిన్నర్ పోసి, పుల్లతో కలిపాను. ఆమె ఎదురుగా కూర్చుంది.

బ్రష్ ముంచాను. చెయ్యి ఆగిపోయింది. రింకిల్ మీద బ్రష్షుతో ఎనామెల్ పూసేవాడి చేతులు విరగ్గొట్టాలని ఎన్నోసార్లు అన్నాను. ఆ చేతులు ఇవే. మొదటి గీత గీశాను. గుండె కలుక్కుమంది. రెండో గీతకు కాస్త తగ్గింది. లోపల మాత్రం ముట్టుకోనని ముందే చెప్పాను. బేరం లేకుండా ఒప్పుకుంది. నాబ్‌లు కూడా వదిలేయమన్నాను. అవి తనే పూసింది. ఎర్ర గీత దానయ్య గీశాడు. వంకరగా వచ్చింది, దిద్దాలని చెయ్యి లాగింది, ఊరుకున్నాను.

నీలం కింద ముడతలు కనిపిస్తూనే ఉన్నాయి. గురమ్మ అరచెయ్యి పెట్టి, తడి రంగు మీదే, ఒకసారి నిమిరింది. అచ్చు పడిపోయింది. "ఇప్పుడు నాది," అంది.

సెట్‌ను అక్కడే ఉంచి వచ్చాను.

26 డిసెంబర్

సునామీ వచ్చి రెండేళ్లు. పొద్దున్న సముద్రం దగ్గర అందరూ దీపాలు పెట్టారు. మేమూ పెట్టాం.

4 జనవరి 2007, గురువారం

పడవ దిగింది. జాయింట్లకు దానయ్య ముందే లప్పం కొట్టాడు. కాసిన్ని నీళ్లు వచ్చాయి, తోడేశాడు. గురమ్మ ఇంటి ముందు కొబ్బరిచెట్ల మధ్య యాంటెన్నా వైరు కట్టి సెట్‌కు కలిపాను. కామేశ్వరికి నీలం సెట్ చూపించాను. సముద్రంలా ఉంది అంది. పెయింట్‌లా ఉంది అన్నాను.

పడవ చుక్కయి, చుక్క కూడా కనబడకుండా పోయింది. గురమ్మ గుమ్మం వైపు చూడనే లేదు. సెట్‌నే చూస్తోంది. గొరగొర. ఇంకా గొరగొర. నా సోల్డరింగ్‌లన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అప్పుడు, ఆ గొరగొర మధ్యలోంచి:

"గురమ్మా, నానే. గాలి బాగుంది. అన్నం తిన్నావా?"

ఆమె సెట్ దగ్గరగా వంగి, మెల్లగా, "తిన్నాను. నువ్వు తిన్నావా?" అంది.

ఇది రిసీవర్. వింటుందే కానీ చెప్పదు. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను. కామేశ్వరి నా చెయ్యి గిల్లింది.

సాయంత్రం దానయ్య తిరిగొచ్చాక, అడిగినదానికి జవాబు ఎందుకు చెప్పలేదని గురమ్మ నిలదీసింది. అతను నా వైపు చూశాడు. నేను వైరు సర్దుకుంటున్నాను. రేపటి నుంచి చెబుతాలే అన్నాడు.

22 జనవరి, మధ్యాహ్నం

మా డాబా మీద నా రిసీవర్ వైరు ఇంకొంచెం ఎత్తుకు కట్టాను. కొండలు దాటి, చాలా సన్నగా, దానయ్య గొంతు. అన్నం తిన్నావా అని అడిగాడు. కాసేపు ఆగాడు. తర్వాత, నానూ తిన్నాను అన్నాడు.

ఆ ఆగినప్పుడు, ఇక్కడ నా రిసీవర్‌తో నేను కూడా తిన్నానని చెప్పాను. కామేశ్వరి ఇంకా వడ్డించలేదు.