కుందేళ్లకు గోతం బొంత

1986 మార్చి, ఆదివారం

తమ్ముడు పొదిలి నుంచి పాపకు తెచ్చిచ్చిన రెండు కుందేళ్లంటే అత్తయ్యకు మొదటి నుంచీ పడదు. "ఇంకోసారి నా వరండా కంపు కొట్టిందంటే రెంటినీ తీసుకెళ్లి చేలో వదిలేస్తా" అని నిన్న తేల్చి చెప్పేసింది.

అందుకే ఇవాళ చర్చి నుంచి రాగానే మిషను ముందు కూర్చుని, వాటి పెట్టెలో తడి పీల్చుకునేలా పరచడానికి చిన్న బొంత కుట్టాను. పైన పాప చిన్నప్పటి ఫ్లానల్ గుడ్డ, అడుగున మందంగా ఉంటుందని గోతం ముక్క. గోతాన్ని రెండుసార్లు ఉతికాను కూడా. మా ఇంట్లో మిరపకాయలు పోయని గోతమే ఉండదని మాత్రం అప్పుడు తట్టలేదు.

సాయంత్రానికి కుందేళ్లు రెండూ ఆగకుండా తుమ్మడం మొదలుపెట్టాయి. చచ్చిపోతాయేమోనని భయమేసింది. అంతలో అత్తయ్య వచ్చింది. ఇక చేలోకే అనుకున్నాను. ఆవిడ బొంత వాసన చూసి, తనూ నాలుగు తుమ్ములు తుమ్మి, రెంటినీ ఒళ్లో పెట్టుకుని పైటచెంగుతో వాటి ముక్కులు తుడిచింది.

"నోరులేని జీవాలు, ఘాటు తగిలితే ఎవరితో చెప్పుకుంటాయి? బుద్ధుండక్కర్లా అమ్మాయ్?" అని నన్ను తిట్టి, తన మెత్తటి పాత నేతచీర తెచ్చిచ్చి వేరే బొంత కుట్టమంది. కుట్టాను. ఇప్పుడా పెట్టె ఆవిడ మంచం పక్కనే ఉంది.

సంతోషమే. కానీ ఆరేళ్లుగా అదే వరండాలో, ఆవిడ పక్కనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ నేనూ తుమ్ముతూనే ఉన్నాను. ఆ పైటచెంగు ఒక్కసారీ నా ముక్కు దాకా రాలేదు.