తులసమ్మకు గార్డు, నాగక్కకు నిమ్మకాయలు

పెనుకొండ

మేనేజరు ప్రసాద్ సారుకు నాగక్క పెట్టే దండాలు.

ఈడ నేను బాగుండానని రాయాలని ఉండాది గానీ, కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. ఎడమ చేత్తో రాస్తాండా. అక్షరాలు వంకర పోతే తప్పు నాది గాదు, మీ మిషనుది.

సారూ, ఆయుధ పూజ నాడు చెనక్కాయలు ఒలిచే మిషనుకు పసుపు పూయాలని, చేతులు పడకుండా బెల్టు మీదుండే ఇనుప జాలీ గార్డు ఊడదీస్తిరి. పూజ అయినాంక బిగించమంటే "కుంకుమ చెరిగిపోతాది, ఉండనీ" అంటిరి. వారం తిరక్కుండానే బెల్టు నా చెయ్యి లాక్కునె. పనిలో దెబ్బ తగిలింది గాబట్టి నాకు నష్టపరిహారం ఇయ్యాల. గార్డు బిగించాల. నా జాగాలో ఇప్పుడు వనిత నిలబడి ఉండాది. ఆ పిల్లకైనా పది వేళ్ళూ ఉండనీ.

ఇట్లు,
నాగక్క

తా.క. ఫోనులో చెప్తే వినపడల్యా అంటావని, రిజిస్టరు పోస్టులో పంపమని మా ఊర్లో అర్జీలు రాసే ముంతాజ్ చెప్పె. ఇంక అందల్యా అనలేవు.

హిందూపురం

శ్రీమతి నాగక్క గారికి, మిల్లు మేనేజరు ప్రసాద్ నమస్కరించి వ్రాయునది.

మీ లేఖ అందినది. విచారించగా ప్రమాదమునకు మీ అజాగ్రత్తయే కారణమని తేలినది. విచారణ నేనే చేసితిని. పూజ నాడు మీరు హారతి తీసుకొనలేదని కూడా తెలియవచ్చినది. మిషనుకు దిష్టి తగిలినదని ఓనరు గారి అభిప్రాయము. కావున భద్రత కొరకు మిషనుకు ఏడు నిమ్మకాయలు కట్టించితిమి.

నష్టపరిహారము వీలుపడదు. అయినను మానవతా దృక్పథముతో బత్తాయిలు పంపుచున్నాము.

భవదీయుడు,
ప్రసాద్

తా.క. బత్తాయిలు ముట్టినట్లు సంతకము చేసి పంపగలరు. ఎడమ చేతి సంతకము చెల్లదు.

పెనుకొండ

బత్తాయిల ప్రసాద్ సారుకు,

రెండు వేళ్ళు లేకుండా బత్తాయి ఎట్ల ఒలిచేది సారూ? వెనక్కి పంపిస్తాండా.

హారతి తీసుకోలేదా నేను? ఆ పళ్ళెం పట్టుకున్నదే నేను గదా! నీకు హారతి ఇచ్చిందీ నేనే. అప్పుడు కండ్లు మూసుకోనుంటివేమో.

గార్డు యాడుండాదో వనిత చెప్పె. మేకలు మేయకుండా నీ ఆఫీసు ముందర తులసి చెట్టుకు పెట్టినావంట! తులసమ్మ మీద నాకూ భక్తి ఉండాది. గానీ ఆకు పోతే మళ్ళీ చిగురేస్తాది. నా వేళ్ళు వస్తాయా? నాకు ఏడుపొస్తాండాది సారూ, కోపమూ వస్తాండాది. లేబర్ ఆఫీసులో అర్జీ పెడతా.

ఇట్లు,
నాగక్క

తా.క. ఎడమ చేతి సంతకం చెల్లదంటివి. కుడి చేతి వేళ్ళు మీ మిషను కాడనే పోయినాయి. ఆడనే చేయించుకో.

హిందూపురం

శ్రీమతి నాగక్క గారికి,

లేబర్ ఆఫీసు మాట వినగానే ఓనరు గారు ధర్మవరం నుండి పరుగున వచ్చిరి. భద్రతను కట్టుదిట్టము చేయవలెనని ఆదేశించిరి. వారి ఆదేశము ప్రకారము మిషను పైన దూలమునకు పెద్ద బూడిద గుమ్మడికాయను వేలాడదీసితిమి. దిష్టి ఎటు పోవుచున్నదో గమనించుటకు నేను స్వయముగా దాని క్రిందనే కుర్చీ వేసుకొని కూర్చొనుచున్నాను.

ఆ తులసిని ఓనరు గారి సతీమణి నాటిరి. గార్డు తీయుట కుదరదు. మీరు కేసు పెట్టినచో మీ అజాగ్రత్తకు నేనే సాక్ష్యము చెప్పవలసి వచ్చును.

భవదీయుడు,
ప్రసాద్

తా.క. గుమ్మడికాయ చాలా బరువైనది. ఇక భద్రత గురించి మీకు అనుమానము అక్కరలేదు.

ఆసుపత్రి, హిందూపురం

నాగక్కా, దండాలు.

గుమ్మడికాయ పడెనక్కా. మిషను అదురుకు తాడు తెగి నా మీదనే పడె. కుడి భుజం విరిగె. ఎడమ చేత్తో రాస్తాండా, అక్షరాలు చూసి నవ్వద్దు.

ఓనరుకు ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసునా? "గుమ్మడికాయ కింద కూర్చోమని నీకెవరు చెప్పినారప్పా? నీ అజాగ్రత్త" అన్నాడు. పన్నెండేండ్లు ఆయన మాటే నా మాట అనుకుంటినక్కా. బత్తాయిలు పంపినాడు. చూస్తే, నువ్వు వెనక్కి పంపినవే!

ఆ అర్జీ ఎట్ల రాయాల చెప్పక్కా.

నీ తమ్ముని లాంటి
ప్రసాద్

తా.క. గుమ్మడికాయకు ఏమీ కాలేదు. మళ్ళీ అదే కడతారంట.

పెనుకొండ

శ్రీ ప్రసాద్ గారికి, నాగక్క నమస్కరించి వ్రాయునది.

మీ లేఖ అందినది. విచారించగా ప్రమాదమునకు మీ అజాగ్రత్తయే కారణమని తేలినది. విచారణ నేనే చేసితిని.

ఏమప్పా, గుండె ఆగెనా? ఊరికే అన్నాలే. అట్లా జవాబు వస్తే ఎట్లుంటాదో నువ్వూ ఒకసారి చూడాలని రాస్తి. నొప్పి ఎట్లుంటాదో నాకు తెలుసు, పగోనికి గూడా వద్దు.

సోమవారం హిందూపురం బస్టాండుకు రా. ముంతాజ్ వస్తాది, ఇద్దరి అర్జీలూ ఆమే రాస్తాది. గుమ్మడికాయ కట్టమని ఓనరే చెప్పినాడని నువ్వు రాసిన ఉత్తరం తెస్తా, నీకు పనికొస్తాది. గార్డు ఎవరు ఊడదీసినారో, యాడ పెట్టినారో నువ్వు చెప్పు. నాకు సాక్ష్యం చెప్తానంటివి గదా, చెప్పు.

ఇట్లు,
నాగక్క

తా.క. గార్డు లేంది మిషను కాడికి పోయేదే లేదని వనితా వాళ్ళంతా గేటు కాడ కూర్చుంటే, ఓనరు నిన్న తులసి మీద గార్డు తీసి మిషనుకు బిగించినాడంట. మేకలు రాకుండా ఆ ఏడు నిమ్మకాయలూ తులసికి కట్టినాడు. పొద్దున్నే ఒక మేక వచ్చి తులసి అంతా మేసి, నిమ్మకాయలు మాత్రం వదిలిపెట్టి పోయిందంట.