మోదుగు కింద రాళ్లు

పోతిరెడ్డిపల్లి అవతల, మన ఊరు
వైశాఖం, ఆదివారం

షోలాపూర్ల ఉన్న మీకు, మీ పాదాలకు మొక్కి మాణెమ్మ రాస్తున్నది.

అక్షరాలు వంకరగ ఉన్నందుకు ముందే క్షమించండ్రి. మా ఊరి బడిల మూడో తరగతి దాక చదివిన. పెండ్లయినంక పలక ముట్టలేదు. ఒత్తులు ఎక్కడ తప్పిననో నాకే తెల్వదు, మీరు సరిచేసుకొని చదువుకోండ్రి. ఇన్ని దినాలు ఇంట్ల చెప్తుంటే పక్కింటి యాదన్న రాసేటోడు. ఈ ఉత్తరం ఇంకొకరితోని రాయించేది కాదు, అందుకే నేనే కూసున్న.

ఇక్కడ మామ క్షేమం. అత్తకు మోకాళ్ల నొప్పి నిరుటి కంటె నయం. ఎడ్లు బాగున్నయి. మచ్చల ఆవు చూడిది, వానకాలంల ఈనుతది. మిల్లుల దూది ఎగిరి దగ్గు వస్తున్నదని రాసిండ్రు. పండుకునే ముందు వేడి పాలల్ల జెర పసుపు వేసుకొని తాగండ్రి. పాలు దొరకకపోతే వేడి నీళ్లయినా సరే.

బీడు సంగతి అడిగిండ్రు. మన్ను ఎంత లోతున్నది, కింద ఏమున్నది, ఒక గుంత తవ్వించి చూడండ్రి అని రాసిండ్రు. గుంత తవ్వించే పని పడలేదు. గుట్ట దిక్కు రెండు గుంతలు ముందే తవ్వి ఉన్నయి. ఎందుకు తవ్విండ్రో తర్వాత చెప్త. ఆవును మేపెటందుకు పోయినప్పుడు నేనే అండ్ల దిగి చూసిన.

పైన జానెడు మన్ను మంచిది. రేగడి లెక్క జిగట లేదు, చెల్క లెక్క ఇసుక లేదు, రెండిటి నడుమ ఉన్నది. తడిపి పిడికిట్ల ఒత్తితే ముద్ద అయితది, బొటనవేలుతోని నొక్కితే విడిపోతది. గడ్డి వేర్లు దాన్ని జడ అల్లినట్టు పట్టుకున్నయి. ఆ గడ్డి లేకుంటే గుట్ట మీద ఇంత మన్ను కూడ మిగిలేది కాదని మామ అంటడు. జానెడు దాటినంక రంగు తేలిపోతది, తెల్లటి సున్నపు గడ్డలు కనబడ్తయి. ఇంక కింద పుచ్చిన రాయి. గోరుతోని గీకితే ఉల్లిగడ్డ పొరల లెక్క ఊడొస్తది. దాని కింద నల్లరాయి. గడ్డపార మొన తగిలిన కాడ తెల్లటి చుక్కలు పడ్డయి, అంతే, పెచ్చు కూడ లేవలేదు. నేను దిగి నిలబడితే ఆ గుంత మోకాళ్ల దాకనే వచ్చింది.

ఆ నల్లరాయి ఒకప్పుడు భూమిల నుంచి ఉడుకుతూ పొంగి, పారి, గడ్డకట్టిందని, షోలాపూర్ల కూడ అదే రాయి ఉన్నదని మీరు అప్పుడొకసారి రాసిండ్రు. నేను దాని మీద చెయ్యి పెట్టి చూసిన. సల్లగ ఉన్నది.

వాన నీళ్లు ఆ మన్నుల ఇంకి రాయి మీద ఆగుతయి. దీపావళి దాటినా గడ్డి పచ్చగ ఉండేది అందుకే. ఎండకాలం మాత్రం రాయి కాగి మన్ను నెర్రెలు పడ్తది. ఎగువన దున్నితే జొన్న నిలుస్తదని నాకు నమ్మకం లేదు. లోతు మన్ను ఉన్నది దిగువన మోదుగు చెట్టు కాడనే. గుట్ట మీద కొట్టుకొచ్చిందంత అక్కడికే దిగింది. నడుము లోతు తవ్వినా రాయి తగలదు.

మీరు కూడ అదే అనుకొని రాసిండ్రు. దసరా దాక సెలవు దొరకదు, నేను వచ్చే దాక ఆగొద్దు, మోదుగు కింది రాళ్లన్నీ ఏరించి గట్టుకు వేయండ్రి, తొలి వానకే, ఎప్పుడు మనకు దున్నే ఐలన్నతోని అక్కడ నాగలి కట్టించండ్రి అని. యాదన్న ఆ మాట చదువుతుంటే మామ లేచి బయటికి పోయిండు. అత్త చేతుల చాట అట్లనే ఆగింది.

మీరు అడిగినవాటిల ఒకటి మిగిలింది. మన పాప అనసూయకు నోట్ల పండ్లు వచ్చినయా అని అడిగిండ్రు.

రాలేదు. ఇగ రావు.

శివరాత్రికి ముందు జ్వరం పట్టుకున్నది. పాలు తాగుడు మానేసింది. మామ బండి కట్టి సంగారెడ్డికి బయలెల్లిండు. పోతిరెడ్డిపల్లి చేరకముందే నా ఒడిల బిడ్డ మెడ వాలిపోయింది. మామ ఎనక్కి మల్లి చూసి, ఎడ్లను ఆపి, బండిని మల్పిండు.

పండ్లు రాని బిడ్డను కాల్చరు గద. సొంత మన్నులనే పెట్టాలన్నరు. నీళ్లు నిలువని జాగ అని మామ, ఐలన్న ముందుగాల గుట్ట దిక్కు పోయిండ్రు. ఆడోళ్లు పోవద్దంటే నేను గడపల కూసున్న. పొద్దుగూకినంక వచ్చిండ్రు. మామ అరచేతులు బొబ్బలెక్కినయి. ఆయనే తల వంచుకొని, "మన్ను చాలలేదు బిడ్డా. రెండు గుంతల్ల రాయే తగిలింది. మోదుగు కింద దొరికింది" అన్నడు.

నక్కలు తవ్వకుండ అక్కడ పడి ఉన్న రాళ్లనే మీద పేర్చిండ్రు. మీరు ఏరమన్నవి అవే.

పాప బాగున్నదని మీకు వచ్చిన ఉత్తరాలు అత్త చెప్పి రాయించినవి. ఆమెను ఏమనకండ్రి. నా కొడుకుకు తెలిస్తే ఆ దినమే రైలెక్కుతడు, మిల్లోళ్లు మళ్ల తీసుకుంటరా అన్నది. ఉయ్యాల కట్టిన దూలం దిక్కు ఆమె ఇప్పటికీ కండ్లెత్తి చూడదు.

మొన్న అత్త ఐలన్నను పిలిపించి దున్నుడు సంగతి చెప్పింది. ఐలన్న వాకిట్ల నుంచే అన్నడు.

"ఆ రాళ్లు నా చేతులతోని పేర్చిన అవ్వా. మళ్ల నన్నే తియ్యమంటవా?"

"వాడు రాసిండు గద. వద్దంటే ఎందుకని అడుగుతడు. ఏం చెప్తవు?" అన్నది అత్త, అటు దిక్కు మల్లి.

ఐలన్న తొలి వానకు వస్త అని పోయిండు. మామ వద్దనలేదు, ఔననలేదు. ఈ ఇంట్ల నా మాటకు అంత బలం లేదు. మీ మాట ఒక్కటే ఆపుతది.

అందుకే ఈ ఉత్తరం అందినంక మామ పేరు మీద ఒక కార్డు రాయండ్రి. ఆవు ఈనేది ఉన్నది, గడ్డి కావాలె, దిగువ భూమి ఈ ఏడు ముట్టొద్దు అని. వేరే ఏమీ రాయకండ్రి. ఎగువ ఎట్లన్న దున్నించండ్రి, నేను ఏమనను.

పాపకని కొన్నట్టు మీరు రాసిన చిన్న చాదర్ పంపకండ్రి. మీ కాడనే పెట్టుకోండ్రి.

మీరు ఒక్కరే ఉన్నరు అక్కడ. చదివినంక ఎవరి పక్కన కూసుంటరో అని రాసే ముందు చాన ఆలోచన చేసిన. కాని ఇక్కడ ఆకాశంల మబ్బు కనబడుతున్నది, వాన పడితే ఐలన్న నాగలి కడ్తడు.

పెరుగు అమ్మెటందుకు సంగారెడ్డి పోయే ఆగమ్మ చేతుల ఇది పెడ్త, పోస్టు డబ్బాల వేస్తనన్నది. చదివి కాల్చేయండ్రి. దసరాకు వచ్చినప్పుడు అత్త తన నోటితోని చెప్తది, అప్పుడే విన్నట్టు వినండ్రి. అది అయినంక మోదుగు కాడికి మనిద్దరం పోదాం. నేను ఇంకా ఆ రాళ్ల కాడికి పోలేదు, గుంతల దాకనే పోయి వచ్చిన.

ఇట్లు,
మీ బిడ్డ తల్లి
మాణెమ్మ