చౌకులో ఎదురు కుర్చీ

లోవర్ హట్

ఒరే సత్యమూర్తీ,

పోలండ్ నుంచి నువ్వు పంపిన క్రాకోవ్ పాత చౌకు ఫొటోలు చూశాను. గుర్రబ్బళ్లు, పూల దుకాణాలు ముచ్చటగానే ఉన్నాయి. ఆ రాళ్ల మీదే ఒకనాడు తిరుగుబాటు మొదలైందని మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నీకు అందమంటే ఎప్పుడూ గోడలే, మనుషులు కారు.

ఇక్కడ లోవర్ హట్‌లో నలుగురూ కూర్చోవడానికి మాల్ ఒక్కటే దిక్కు. మొన్న నేనూ, నాతో పనిచేసే బిజేంద్రా జీతాల గురించి మాట్లాడుకుంటుంటే గార్డు వచ్చి, "ఏదైనా కొనండి, లేకపోతే లేవండి అంకుల్" అన్నాడు. ఇది అన్యాయమన్నాను. "మీరు చెప్పిందే రైట్ భాయ్" అంటూనే బిజేంద్ర లేచిపోయాడు. నువ్వు ఈ ఊరు వదిలాక అందరిదీ ఇదే మాట. కాదని పోట్లాడేవాడు ఒక్కడూ లేడు.

డిసెంబరులో వస్తున్నాను. చలి అని వంక పెట్టకు. ఆ చౌకులో నా ఎదురుగా కూర్చుని, నాదంతా తప్పని గట్టిగా చెప్పు.

నీ ప్రతిపక్షం