చక్రం తలుపు పక్కకు

నంద్యాల.

అమ్మకు ఏసేపు వందనాలు. మిల్లులో ఆవిరి గొట్టం పగిలిందని బద్వేలు దాకా వచ్చిన మాట నిజమే. నేను కాలిపోయానన్నది మాత్రం అబద్ధం. ఈ కార్డు నా చేత్తోనే రాస్తున్నాను, ఏడవద్దు.

పోయిన నెల కొత్త గొట్టం వేసేటప్పుడు మేస్త్రీ మస్తాన్, ఆవిరి కట్టేసే వాల్వు చక్రాన్ని గోడ పక్కకు పెట్టబోయాడు. రోజూ తిప్పేది నేనే గదా, తలుపు పక్కకు పెట్టమన్నాను. అక్కడ స్తంభం అడ్డం, ఎడమచేతికి తప్ప అందదు. "నీ ఎడంచేతి కోసరం వాల్వు గూడా తిప్పల్లనా ఏమప్పా?" అని నవ్వుతూనే అట్లా బిగించాడు.

మొన్న ఆ గొట్టం అతుకు వీడి ఆవిరంతా గోడ పక్కకు కొట్టింది. నేను తలుపు దగ్గర నిలబడే చక్రం తిప్పి కట్టేశాను. చొక్కా తడిసిందంతే. గోడకున్న సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. అది చూసి మస్తాన్ నా చెయ్యి పట్టుకొని, "ఈ పక్క నిలబడింటే యాడుండేవాడివప్పా!" అన్నాడు.

నాయన దగ్గు తగ్గిందా? మేక ఈనిందా? ఎవరన్నా ఇటు వస్తుంటే కొర్రలు పంపు. ఆదివారం గుడిలో నా పేర స్తుతి ప్రార్థన చేయించు.

నా కూతురు సారమ్మ ఎడమచేత్తో తింటోందని, చిన్నప్పుడు నాకు కట్టినట్టే దానికీ చెయ్యి కొంగుతో కట్టేస్తున్నావంట. కార్డు చదివించుకున్న వెంటనే ఆ ముడి విప్పు. అందరికీ వందనాలు. దాని ఎడమచేతికి నా ముద్దు.